మిలేవా అంటే ప్రియమైనది

మా ఊళ్లో బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున బారసాల చేస్తారు. పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి చేత ఉంగరంతో ఆ బియ్యంలో పేరు రాయిస్తారు. చదువు రాని రైతైనా సరే, ఆ రోజు ఎవరో ఒకరు చెయ్యి పట్టి రాయించాల్సిందే. సాయంత్రానికి ఆ బియ్యం వంటింట్లోకి పోతాయి, రాసిన అక్షరాలు చెరిగిపోతాయి. పేరు మాత్రం ఆ మనిషి ప్రాణం వున్నంత కాలం వుంటుంది. ఆ పేరులో తల్లిదండ్రుల కోరిక ఒకటి దాగి వుంటుంది. ఆ కోరిక నెరవేరిందా లేదా అని తరువాత ఎవరూ లెక్క చూడరు.

యూనియన్ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, ఫిజిక్స్ చదివేవాణ్ణి కనుక ఐన్‌స్టీన్ గురించి రాద్దామనుకున్నాను. లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తుంటే ఒకచోట ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆయన మొదటి భార్య పేరు మిలేవా మారిచ్ అనీ, ఆయనతో పాటే ఫిజిక్స్ చదివిందనీ మాత్రం అందులో వుంది. తరువాతి వాక్యంలోనే ఆమె మాయమైపోయింది. ఇంత చదువు చదివిన మనిషి ఒక్క వాక్యంలో ఎలా సరిపోయిందా అని నాకు అనిపించింది. ముందు ఆ పేరుకు అర్థం ఏమిటో వెతికాను. ఆ తరువాత ఆమె జీవితం వెతికాను. ఆ రెండూ కలిపి ఈ చిన్న వ్యాసంలో చెబుతాను.

మిలేవా అనేది స్లావ్ జాతుల పేరు. రష్యన్లు, ఉక్రేనియన్లు, పోలిష్ వారు, చెక్కులు, స్లొవాక్ లు, సెర్బులు, క్రోట్లు, స్లొవీన్లు, బల్గేరియన్లు మొదలైన వారందరూ స్లావులే. వారి భాషలన్నీ ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లి భాషకూ మన సంస్కృతానికీ కూడా దూరపు చుట్టరికం వుంది. వారి పాత పేర్లలో చాలా వరకు రెండు ముక్కలు కలిపి కట్టినవి. మనం విజయ, లక్ష్మి కలిపి విజయలక్ష్మి అన్నట్టే అన్నమాట. స్లావ అంటే కీర్తి. వేదాల్లో కీర్తికి శ్రవస్సు అనే మాట వుంది. రెండిటికీ ధాతువు ఒకటే, వినడం అనే అర్థమిచ్చేది. నలుగురి చెవినా పడేదే కీర్తి కదా! ల్యూబ్ అంటే ప్రేమ. సంస్కృతంలోని లుభ్ ధాతువుకు అది తోబుట్టువు. మన దగ్గర ఆ ధాతువు లోభంగా మారి చెడ్డపేరు తెచ్చుకుంటే, వారి దగ్గర ల్యూబిత్సా అనే ముద్దుపేరుగా ఆడపిల్లలకు దక్కింది. వెస్నా అంటే వసంతం. అది కూడా మన వసంతానికి చుట్టమే. జోరా అంటే తెల్లవారు జాము వెలుగు. నదేజ్దా అంటే ఆశ.

ఇక మిల్ అంటే ప్రియమైన, ముద్దైన, దయగల అని అర్థం. ఈ ఒక్క ముక్క నుంచి స్లావుల ఇళ్లలో ఎన్ని పేర్లు పుట్టాయో లెక్కపెట్టలేం. మీలా, మిలేనా, మిలిత్సా, మిలేవా ఆడపిల్లల పేర్లు. మిలాన్, మిలోష్ మగపిల్లల పేర్లు. ల్యూద్‌మిలా అంటే ప్రజలకు ప్రియమైనది. ఆ పేరుగల బొహీమియా రాణి 921లో హత్యకు గురై, తరువాత చెక్కులకు పూజనీయురాలైంది. మిలిత్సా అనే సెర్బియా రాణి 1389 కొసోవో యుద్ధంలో భర్త లాజర్ చనిపోయాక, కొడుకు ఎదిగేవరకు రాజ్యభారం మోసింది. అంటే ప్రియమైనది అనే పేరు పెట్టుకున్న వారంతా సుకుమారంగా బతికారని అనుకోవడానికి వీల్లేదు.

అన్ని పేర్లూ ముద్దు కోసమే పెట్టరు, భయం కోసం కూడా పెడతారు. మా ఊళ్లో పుట్టిన బిడ్డలు దక్కకపోతే తరువాతి బిడ్డకు పెంటయ్య అనో పుల్లమ్మ అనో పేరు పెడతారు. అంత అల్పమైన పేరు గల బిడ్డను మృత్యువు ముట్టదని నమ్మకం. సెర్బులలోనూ ఇదే ఆచారం వుంది. సెర్బియన్ భాషకు వ్యవహారిక రూపం, కొత్త లిపి ఏర్పరచిన వూక్ కరాజిచ్ (1787-1864) తల్లిదండ్రులకు అంతకు ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. మంత్రగత్తెలు తోడేలును తినలేరని చెప్పి ఆయనకు తోడేలు అనే అర్థం వచ్చే వూక్ అనే పేరు పెట్టారు. డాన్యూబ్ ఒడ్డున రైతూ, కృష్ణ ఒడ్డున రైతూ బిడ్డను కాపాడుకోవడానికి ఒకే ఉపాయం పన్నారంటే నాకు ఆశ్చర్యం వేసింది.

1875 డిసెంబరు 19న టీటెల్ అనే చిన్న పట్టణంలో పుట్టిన పిల్లకు మాత్రం అలాంటి భయపు పేరు పెట్టలేదు. మిలేవా అని, ప్రియమైనది అని పెట్టారు. టీటెల్ అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో వుండేది, ఇప్పుడు సెర్బియాలో వుంది. తీసా నది వచ్చి డాన్యూబ్ నదిలో కలిసేది ఆ దగ్గరలోనే. గోధుమ, మొక్కజొన్న పండే పల్లపు మైదానం అది. తండ్రి పేరు మిలోష్. అంటే తండ్రి పేరూ కూతురు పేరూ ఒకే మొక్కకు పూసిన రెండు పూలు. తల్లి పేరు మారియా. ఇంటిపేరు మారిచ్. ఇచ్ అంటే బిడ్డ, సంతతి అని. మారిచ్ అంటే మారా లేక మారియా అనే స్త్రీ సంతతి. ఎప్పుడో పూర్వం ఒక తల్లి పేరు మీద ఆ వంశం నిలబడిందన్నమాట. మన శాతవాహన రాజులు గౌతమీపుత్రుడనీ వాసిష్ఠీపుత్రుడనీ తల్లి పేరు చెప్పుకున్న సంగతి ఇక్కడ గుర్తుకు వస్తుంది.

మిలేవాకు పుట్టుకతోనే తుంటి కీలు తప్పింది. జీవితాంతం కుంటుతూ నడిచింది. చెల్లెలు జోర్కా కూడా అదే లోపంతో పుట్టింది. జోర్కా అంటే చిన్న ఉషస్సు. తరువాత మిలోష్ అనే తమ్ముడు పుట్టాడు. తండ్రి సైన్యంలో పనిచేసి, తరువాత కోర్టు ఉద్యోగంలో చేరినవాడు. భూములు కూడా వున్నవాడు. పెద్దకూతురికి లెక్కల్లో పట్టు వుందని ఆయన తొందరగానే గ్రహించాడు. ఆ కాలంలో గ్రహించడమే గొప్ప. గ్రహించి ఊరుకోకపోవడం ఇంకా గొప్ప.

ఆ పిల్ల చదువు కోసం ఎన్ని ఊళ్లు మారిందో చూడండి. 1886లో నోవీసాద్ లో బాలికల పాఠశాల, తరువాత స్రేమ్‌స్కా మిత్రోవిత్సాలో మరో బడి, 1890లో సరిహద్దు దాటి సెర్బియా రాజ్యంలోని షాబాత్స్ లో హైస్కూలు. ఆ సామ్రాజ్యంలో మగపిల్లల హైస్కూళ్లలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. 1891లో జాగ్రెబ్ లోని మగపిల్లల ప్రభుత్వ హైస్కూలులో కూతుర్ని ప్రైవేటు విద్యార్థిగా చేర్చుకొనేందుకు తండ్రి ప్రత్యేక అనుమతి సంపాదించాడు. ప్రవేశ పరీక్ష పాసై 1892లో ఆమె పదో తరగతిలో చేరింది. మగపిల్లలతో కూర్చుని ఫిజిక్స్ పాఠం వినడానికి మళ్ళీ ఇంకో అనుమతి కావలసి వచ్చింది. అది 1894 ఫిబ్రవరిలో దొరికింది. అదే సంవత్సరం సెప్టెంబరులో ఆఖరి పరీక్షలు రాస్తే, లెక్కల్లోనూ ఫిజిక్స్ లోనూ ఆమెకు మంచి మార్కులు వచ్చాయి. మనం బెంచీ మీద కూర్చుని కునికిపాట్లు పడే ఫిజిక్స్ క్లాసు కోసం ఒకమ్మాయి దరఖాస్తు పెట్టుకొని నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చిందంటే మనకు సిగ్గు వేయాలి.

అక్కడి నుంచి స్విట్జర్లాండుకు వెళ్ళింది. యూరప్ లో ఆడపిల్లలకు యూనివర్సిటీ తలుపులు తెరిచిన కొద్ది చోట్లలో జూరిక్ ఒకటి. 1867లోనే నదేజ్దా సుస్లోవా అనే రష్యన్ యువతి అక్కడ వైద్యంలో డాక్టరేటు పట్టా తీసుకుంది. ఆశ అనే పేరుగల ఆ మనిషి వెనుక ఎందరో స్లావ్ ఆడపిల్లలు ఆశతో జూరిక్ దారి పట్టారు. మిలేవా కూడా 1894లో అక్కడి బాలికల పాఠశాలలో చేరి, 1896లో మెట్రిక్ వంటి మాతురా పరీక్ష పాసై, యూనివర్సిటీలో ఒక్క టర్ము వైద్యం చదివింది. మనసు అందులో నిలవలేదు కాబోలు, ఆ సంవత్సరమే జూరిక్ పాలిటెక్నిక్ లో లెక్కలు, ఫిజిక్స్ ఉపాధ్యాయులను తయారు చేసే విభాగంలో చేరింది. ఆ విభాగంలో చేరిన స్త్రీలలో ఆమె ఐదవది. ఆ బాచ్ లో మాత్రం ఒక్కతే ఆడపిల్ల. ఆమెకు ఇరవై ఏళ్ళు నిండి ఇరవై ఒకటి వస్తోంది. అదే బాచ్ లో పదిహేడేళ్ళ కుర్రాడొకడు చేరాడు, పేరు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్.

1897 చలికాలంలో ఆమె జర్మనీలోని హైడెల్‌బర్గ్ వెళ్ళి ఒక టర్ము గడిపింది. ఆ యూనివర్సిటీలో స్త్రీలకు విద్యార్థులుగా పేరు నమోదు చేసుకొనే హక్కు 1900లో గాని రాలేదు. అందుచేత వెనుక కూర్చుని వినే శ్రోతగానే వుండవలసి వచ్చింది. వాయువుల గతిసిద్ధాంతం మీద ఫిలిప్ లెనార్డ్ చెప్పిన పాఠాలు అక్కడే విన్నది. లోహాల మీద వెలుగు పడితే ఎలక్ట్రాన్లు బయటికి రావడాన్ని తరువాత కొలిచి చూపిన లెనార్డ్ ఇతడే. ఆ కొలతలకు అర్థం చెప్పినందుకే ఐన్‌స్టీన్ కు నోబెల్ వచ్చింది.

1898 ఏప్రిల్ లో జూరిక్ తిరిగివచ్చి, తప్పిపోయిన పాఠాలు అందుకొని 1899లో మధ్యంతర పరీక్షలు రాసింది. ఆరుకు సగటున 5.05 వచ్చింది. ఫిజిక్స్ లో వచ్చిన 5.5 ఐన్‌స్టీన్ కు వచ్చిన దానితో సరిసమానం. ఇప్పటికి ఇద్దరూ ఒకరి పుస్తకాలు ఒకరు చదువుతూ, ఒకరి మాట ఒకరు వింటూ దగ్గరయ్యారు. ఇంట్లో ఆమెను మిత్సా అని పిలిచేవారు. ఆయన డాక్సెర్ల్ అని, చిన్న బొమ్మ అనే అర్థంతో పిలిచాడు. ముద్దుపేర్లకు కొదవ లేదు.

1900లో డిప్లొమా ఆఖరి పరీక్షలు జరిగాయి. ఐన్‌స్టీన్ కు సగటున 4.91 వచ్చి పాసయ్యాడు. మిలేవాకు 4.00 వచ్చింది, ఫెయిలయింది. ముంచింది లెక్కల పేపరు. ఫంక్షన్ల సిద్ధాంతంలో ఆమెకు వచ్చింది 2.5. మనలో ఫలితాల బోర్డు ముందు నిలబడి తన నంబరు కోసం వెతికి దొరక్క తిరిగి వెళ్ళినవారు చాలామంది వున్నారు. వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మరుసటి సంవత్సరం మళ్ళీ కట్టింది. 1901 జులైలో రెండోసారి పరీక్ష రాసేటప్పటికి ఆమె గర్భవతి. పెళ్ళి కాలేదు. ఆయనకు ఉద్యోగం లేదు, ఆయన తల్లిదండ్రులకు ఈ సంబంధం ఇష్టం లేదు. రెండోసారి కూడా ఫెయిలయింది. ప్రొఫెసర్ వెబర్ దగ్గర మొదలుపెట్టిన పరిశోధన కూడా అంతటితో ఆగిపోయింది. ఒక సైన్సు విద్యార్థిని జీవితంలో ముగింపు గంట ఆ జులైలోనే మోగింది. అప్పటికి ఆమెకు ఇరవై ఐదేళ్ళు.

ఆమె పుట్టింటికి వెళ్ళిపోయింది. 1902 ఆరంభంలో ఆడపిల్ల పుట్టింది. ఉత్తరాల్లో ఆ పిల్లను లీజెర్ల్ అన్నారు. ఐన్‌స్టీన్ ఆ సమయంలో బెర్న్ లో వున్నాడు. 1903లో పిల్లకు స్కార్లెట్ జ్వరం వచ్చిన కబురు ఒక ఉత్తరంలో కనిపిస్తుంది. ఆ తరువాత ఏ కాగితంలోనూ ఆ పిల్ల లేదు. ఇలాంటి బిడ్డ వుండేదని కూడా 1986లో పాత ఉత్తరాలు బయటపడే వరకు లోకానికి తెలియదు. పేరు పెట్టడం మీద ఇంత రాస్తున్న నాకు ఈ చోట చెయ్యి ఆగింది. ప్రియమైనది అనే పేరుగల తల్లికి పుట్టిన తొలి బిడ్డకు చరిత్రలో ఒక ముద్దుపేరు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

1903 జనవరి 6న బెర్న్ లో వారి పెళ్ళి జరిగింది. పేటెంట్ ఆఫీసులో ఆయనకు ఉద్యోగం దొరికింది. సాయంత్రాలు ఆయన మిత్రులు హబిఖ్ట్, సొలొవీన్ వచ్చి పుస్తకాల మీద చర్చలు చేసేవారు. ఆమె కూర్చుని శ్రద్ధగా వినేది గాని కల్పించుకొనేది కాదట. 1904 మే 14న పెద్దకొడుకు హన్స్ ఆల్బర్ట్ పుట్టాడు. మరుసటి ఏడు 1905. ఫిజిక్స్ చదివేవారందరికీ తెలిసిన ఏడు. వెలుగు క్వాంటా, బ్రౌనియన్ చలనం, ప్రత్యేక సాపేక్షత, ద్రవ్యరాశి-శక్తి సంబంధం, ఈ నాలుగూ ఆ ఒక్క ఏడాదిలో వెలువడ్డాయి.

అసలు ఆ పేపర్లలో ఆమె పాలు ఎంత అనే ప్రశ్న ఇక్కడే వస్తుంది. 1969లో దెసాంకా త్ర్‌బూహోవిచ్-జూరిచ్ అనే రచయిత్రి సెర్బియన్ లో మిలేవా జీవితచరిత్ర రాసి ఈ ప్రశ్న లేవదీసింది. 1987లో ఉత్తరాలు అచ్చయ్యాక వాదన ముదిరింది. ఆ ఉత్తరాల్లో అక్కడక్కడ ఐన్‌స్టీన్ తన పని అనకుండా ఇద్దరి పనీ అన్నట్టుగా రాసిన మాట వాస్తవమే. కాని ఆయన రాసినవి ఎక్కువ మిగిలాయి, ఆమె రాసినవి తక్కువ మిగిలాయి. వాటితో సాపేక్షతా సిద్ధాంతం ఆమెది అని తేల్చడానికి తగిన సాక్ష్యం లేదని సైన్సు చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. లాబ్ లో రీడింగు రాకుండానే రికార్డులో జవాబు వేసుకుంటే డెమాన్‌స్ట్రేటరు ఒప్పుకోడు. ఇక్కడా అంతే. ఆమె మీద జాలితో లేని సాక్ష్యాన్ని కల్పించడం సైన్సు విద్యార్థి చేయవలసిన పని కాదు.

కాని ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. సాపేక్షత ఆమెది కాదు కనుక ఆమె గురించి చెప్పుకోవలసిందేమీ లేదనడం అంతకన్నా పెద్ద తప్పు. భర్త పేపరు రాసి పెడితేనే గౌరవం, లేకపోతే లేదు అంటే ఆమెను మళ్ళీ భర్త కొలబద్దతోనే కొలిచినట్టు. జాగ్రెబ్ లో దరఖాస్తు పెట్టి ఫిజిక్స్ పాఠం విన్నది ఆమె. హైడెల్‌బర్గ్ లో శ్రోతగా కూర్చున్నది ఆమె. ఈ రెండిటికీ ఎవరి సంతకమూ అక్కరలేదు. అదే 1903లో పోలండు నుంచి వచ్చిన మేరీ క్యూరీ భర్తతో కలిసి నోబెల్ బహుమతి అందుకుంది. ఆమె కూడా పరాయి దేశంలో చదువుకున్న స్లావ్ ఆడపిల్లే. ఒకరికి లాబ్ తలుపు తెరిచి వుంది, ఇంకొకరికి మూసుకుంది. ఇద్దరి తెలివినీ తూచే తక్కెడ మన దగ్గర లేదు, తలుపుల సంగతి మాత్రం తెలుసు.

1909లో ఐన్‌స్టీన్ జూరిక్ యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యాడు. 1910 జులై 28న చిన్నకొడుకు ఎదువార్ద్ పుట్టాడు. 1911లో ప్రాగ్, 1912లో మళ్ళీ జూరిక్, 1914 వసంతంలో బెర్లిన్. ఆయన పేరు పెరిగినకొద్దీ ఆమె ఇంట్లో మరింత ఒంటరిదైంది. ఆయన మనసు వరసకు అక్క అయిన ఎల్సా మీద పడింది. బెర్లిన్ లో కలిసి వుండాలంటే ఆమె పాటించవలసిన షరతులు కాగితం మీద రాసి ఇచ్చాడు. బట్టలు సర్దాలి, మూడు పూటలా భోజనం గదికి అందించాలి, ఆయన నుంచి ఆప్యాయత ఆశించకూడదు, పొమ్మంటే గదిలోంచి వెళ్ళిపోవాలి, ఇదీ వరస. మొదట ఆమె తలవంచింది. తరువాత వద్దనుకుంది. 1914 జులై 29న ఇద్దరు పిల్లల్నీ తీసుకొని బెర్లిన్ నుంచి జూరిక్ రైలెక్కింది. దానికి ముందు రోజే ఆమె పుట్టిన ఆస్ట్రియా-హంగరీ ఆమె జాతివారి సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది. ఇల్లు, దేశం రెండూ ఒకేసారి చీలిపోయాయన్నమాట.

ఆ తరువాతి ముప్ఫై నాలుగేళ్ళూ కష్టాల లెక్కే. 1916లో తీవ్రంగా జబ్బు పడింది. సాయానికి వచ్చిన చెల్లెలు జోర్కాకు మతి చలించి ఆసుపత్రి పాలైంది. తమ్ముడు మిలోష్ డాక్టరు. యుద్ధంలో రష్యన్లకు బందీగా చిక్కి, అక్కడే స్థిరపడి సరాటొవ్ లో ప్రొఫెసరయ్యాడు. ఇక ఇంటి ముఖం చూడలేదు. 1919 ఫిబ్రవరి 14న విడాకులు ఖాయమయ్యాయి. ఎప్పటికైనా నోబెల్ వస్తే ఆ డబ్బు పిల్లల పేరు మీద ఆమె చేతిలో వుండేలా ఒప్పందం రాసుకున్నారు. రాని బహుమతిని ముందే పంచుకోవడం వింతగా అనిపించవచ్చు గాని, అది వస్తుందని ఇద్దరికీ నమ్మకం వుంది. 1921 సంవత్సరపు బహుమతి 1922లో ప్రకటించారు. లక్షా ఇరవై వేల స్వీడిష్ క్రోనర్లకు పైగా వచ్చిన ఆ డబ్బుతో కాలక్రమాన జూరిక్ లో మూడు ఇళ్ళు కొన్నది. హూటెన్ వీధి 62వ నంబరు ఇంట్లో తాను వుండేది. లెక్కలు, ఫిజిక్స్, పియానో ప్రైవేటు పాఠాలు చెప్పుకొనేది. డిప్లొమా ఇవ్వని లెక్కలే చివరికి ఆమెకు కూడు పెట్టాయి.

చిన్నకొడుకు ఎదువార్ద్ చదువులో చురుకైనవాడు, మనసు వైద్యం చదవాలనుకున్నాడు. ఇరవై ఏళ్ళ వయసులో, 1930 ప్రాంతంలో, అతనికే స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి వచ్చింది. వైద్యం ఖర్చులకు రెండు ఇళ్ళు అమ్ముకుంది. మూడోది కూడా పోకుండా 1939లో ఐన్‌స్టీన్ పేరు మీదకు మార్చింది. 1938లో జోర్కా చనిపోయింది. ఉషస్సు అనే పేరుగల ఆ చెల్లెలి బతుకు చీకట్లోనే తెల్లారింది. మిలేవా ఆఖరి వరకు ఎదువార్ద్ ను వదలలేదు. 1948 ఆగస్టు 4న జూరిక్ లో, డెబ్బై రెండేళ్ళ వయసులో కన్నుమూసింది. నార్డ్‌హైమ్ శ్మశానంలో సమాధి చేశారు. తల్లి పోయాక ఎదువార్ద్ ఇంకా పదిహేడేళ్ళు బతికి, 1965లో మానసిక చికిత్సాలయంలో చనిపోయాడు.

పెద్దకొడుకు హన్స్ ఆల్బర్ట్ సంగతి చెప్పకపోతే రైతుబిడ్డగా నేను తప్పు చేసినవాణ్ణవుతాను. ఆయన సివిల్ ఇంజనీరై, నీటి ప్రవాహం అడుగున ఇసుక, గులక ఎలా కదులుతాయి అనే విషయం మీద 1936లో డాక్టరేటు తీసుకున్నాడు. 1938లో అమెరికా వెళ్ళి అక్కడి వ్యవసాయ శాఖలో పనిచేసి, 1947 నుంచి కాలిఫోర్నియాలో బర్క్‌లీ యూనివర్సిటీలో పాఠం చెప్పాడు. నది ఎంత ఇసుకను మోసుకుపోతుందో లెక్కగట్టే పద్ధతిని 1950లో ప్రచురించాడు. ఇవాళ్టికీ నదుల ఇంజనీరింగ్ పాఠాల్లో ఆయన పేరు వస్తుంది. మా పొలం కాలువ చివర వుంది. కాలువలో పూడిక పేరుకుంటే నీళ్ళు మా దాకా రావు. వేసవిలో మా నాన్నతో కలిసి పార పట్టుకొని పూడిక తీసినవాణ్ణి నేను. ఆ పూడిక ఎందుకు పడుతుందో లెక్క తేల్చినవాడు మిలేవా కొడుకని తెలిసినప్పుడు, ఆవిడ నాకు పరాయి మనిషి అనిపించలేదు. తండ్రి ఆకాశం లెక్కలు చేశాడు. కొడుకు మట్టి లెక్కలు చేశాడు. ఆ కొడుకును చేయి పట్టి పెంచి పెద్ద చేసింది తల్లి.

2005లో జూరిక్ లో ఆమె వున్న ఇంటికి స్మారక ఫలకం పెట్టారు. సాపేక్షత పుట్టిన వందేళ్ళకు గాని ఆ గోడ మీదకు ఆమె పేరు ఎక్కలేదు.

ఇక చివరిగా నా సొంత మాట ఒకటి చెప్పి ముగిస్తాను. మా అక్కకు సరస్వతీదేవి పేరు పెట్టారు. బారసాల నాడు ఉంగరం పట్టుకొని నాన్నే రాశాడట. లెక్కల్లో అక్క నా కంటే బాగా చేసేది; ఎనిమిదో తరగతి దాకా నా లెక్కలన్నీ ఆవిడే చెప్పింది. పదో తరగతి పాసయ్యాక కాలేజీ దూరమనీ, ఇద్దర్ని చదివించలేమనీ అక్కను మాన్పించారు. ఆ డబ్బుతోనే నేను ఇక్కడ చదువుతున్నాను. అప్పుడు నాకు తప్పు కనిపించలేదు. అందరిళ్ళలో జరిగేదే కదా అనుకున్నాను. మిలోష్ మారిచ్ కూతురి కోసం ఊరూరా తిరిగి అనుమతులు తెచ్చిన సంగతి చదివాక, ఆ రాత్రి హాస్టల్లో నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న చెడ్డవాడు కాడు, అక్క అంటే ప్రాణం. పేరు పెట్టడంలో ఆ ప్రేమంతా చూపించాడు. ఫీజు కట్టే వేళకు ఆ ప్రేమ చాలలేదు.

ప్రియమైనది అని పేరు పెట్టడం తేలిక, సరస్వతి అని పెట్టడం కూడా తేలికే. పేరులో రాసిన కోరికకు తరువాత ఒక బెంచీ, ఒక అనుమతి కాగితం, ఒక ఫీజు రసీదు తోడవ్వాలి. అవి లేకపోతే ఎంత మంచి పేరైనా బియ్యంలో రాసిన రాతే, సాయంత్రానికి వంటింట్లోకి పోతుంది. మిలేవాకు తండ్రి జూరిక్ దాకా తోడు వచ్చాడు. అక్కడి నుంచి ఇంకో పది అడుగులు తోడు వచ్చేవారు ఆమెకు దొరకలేదు.

ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అక్కకు ఓపెన్ యూనివర్సిటీ దరఖాస్తు ఫారం తీసుకెళ్తున్నాను. ఇరవై మూడేళ్ళ మనిషికి ఇప్పుడు చదువెందుకని అమ్మ అంటుందేమో. అప్పుడు ఈ మిలేవా కథ చెబుతాను. ఫారంలో పేరు రాసే చోట మాత్రం నేను రాయను, అక్క చేతనే రాయిస్తాను.